రెండు చిన్న గీతలు (కంప్యూటర్లో సమాచారమును కుదించుట, తిరిగి విప్పుట)

 

ఈసారి గోడపత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. కంప్యూటర్ పీరియడులో నేను స్వయంగా చేసి చూసిన ఒక పని గురించి రాస్తున్నాను. అది పైథాన్ అనే భాషలో ఒక్క ఆజ్ఞతో పెద్ద సమాచారాన్ని చిన్నగా చేయడం, ఇంకొక ఆజ్ఞతో దాన్ని మళ్ళీ మొదటిలాగే చేయడం. మొదటిదాని పేరు కంప్రెస్. రెండవదాని పేరు డీకంప్రెస్. కంప్యూటర్ ముట్టుకోని చెల్లెళ్ళు కూడా భయపడకుండా చదవండి. ఇందులో సగం మన హాజరు రిజిస్టరులోనే ఉన్నది.

1. మనకు ముందే తెలిసిన కుదింపు

రిజిస్టరులో పేరు, తరగతి, మండలం అని గళ్ళు ఉంటాయి. ఒకే మండలం నుండి పదిమంది ఉంటే పదిసార్లు రాయరు. మొదటి పేరు పక్కన "కెరమెరి" అని రాసి, దాని కింద వరుసగా రెండు చిన్న గీతలు పెడతారు. దీన్ని డిటో అంటారు. "పైన ఉన్నదే ఇక్కడ కూడా" అని దాని అర్థం. చెయ్యి నొయ్యదు, సిరా మిగులుతుంది, చదివేవాళ్ళకు అర్థం అవుతుంది. ఇదే కుదింపు. ఒకసారి చెప్పినదాన్ని మళ్ళీ చెప్పకుండా, ఎక్కడ చెప్పామో గుర్తు మాత్రం పెట్టడం.

2. గీతలు తప్పిన రోజు

ఈ గీతల వల్ల ఒకసారి నాకు ఏమి జరిగిందో చెప్పాలి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఎవరు రాశారు, ఎక్కడ రాశారు అనేది కూడా ఇక్కడ అవసరం లేదు.

ఒక ఏడు దసరా సెలవులు రెండు రోజులు ముందుకు జరిగినవి. అమ్మాయిలను తీసుకుపోవడానికి రమ్మని మండలాలవారీగా ఊళ్ళకు కబురు పంపాలి. అందుకు పాత జాబితాను ఎవరో కొత్త కాగితం మీదికి ఎక్కించారు. పాతదాంట్లో నా పైన కెరమెరి మండలం అమ్మాయి ఉండేది. కాబట్టి నా పక్కన రెండు గీతలు. అది సరైనదే. కొత్తదాంట్లో పేర్లను అక్షరాల వరుసలో మార్చారు. గీతలను మాత్రం గీతలుగానే దించారు. ఇప్పుడు నా పైకి నార్నూరు అమ్మాయి వచ్చింది. నా గీతలు మారలేదు, కాని వాటి అర్థం మారిపోయింది. నేను నార్నూరు మండలం దాన్ని అయిపోయాను.

కబురు అటు పోయింది. మా బాపుకు అందలేదు. అందరి అమ్మానాన్నలు వచ్చి తీసుకుపోతుంటే నేను పెట్టె పట్టుకొని గేటు దగ్గర కూర్చున్నాను. చీకటి పడేదాకా కూర్చున్నాను. ఆ రెండు రాత్రులు ఆయమ్మ నా పక్కన పడుకున్నది. బాపు వచ్చినంక "నాకు ఎవ్వరు చెప్పలే బిడ్డా" అన్నడు.

అసలు సంగతి ఏమిటంటే, జాబితాను ఎవరూ సరిచూడలేదని కాదు. తలలు లెక్కపెట్టారు. పాతదాంట్లో ఎంతమందో కొత్తదాంట్లో అంతేమంది. లెక్క సరిపోయింది కాబట్టి తప్పు లేదనుకున్నారు.

తరువాత కంప్యూటర్ పీరియడులో సార్ కంప్రెస్ గురించి చెప్తూ "కంప్యూటర్ కూడా ఇట్లాంటి గీతలే పెడుతుంది" అన్నారు. నాకు గుండె దడ అన్నది. మరి దాని గీతలు తప్పితే? ఈ ఒక్క ప్రశ్న కోసమే నేను ఈ పాఠం నేర్చుకున్నాను.

3. బైటు అంటే ఏమిటి?

కంప్యూటర్ అక్షరాలను అంకెలుగా దాస్తుంది. ఒక బైటు అంటే 0 నుండి 255 వరకు ఒక అంకె పట్టే చిన్న గది. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావలెను. గుణింతం గుర్తుకు వేరే మూడు, పొల్లుకు వేరే మూడు.

ఉదాహరణ: "అమ్మ" అనే మాటలో అ, మ, పొల్లు, మ అని నాలుగు ఉన్నవి. 4 × 3 = 12 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 4 బైట్లు.

4. ప్రయోగము

కావలసినవి: పైథాన్ ఉన్న కంప్యూటర్ ఒకటి. పైథాన్‌ను గైడో వాన్ రోసమ్ అనే ఆయన 1991లో లోకానికి ఇచ్చారు. అందులో జెడ్‌లిబ్ అనే పనిముట్లపెట్టె ఉంటుంది. జెడ్‌లిబ్‌ను జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు 1995లో తయారుచేసి ఉచితంగా పంచిపెట్టారు.

చేయు విధానము: ఆజ్ఞలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. కంప్యూటర్లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కాని మనం సమాచారం దాచుకొనే డబ్బాల పేర్లు (పేరు, బైట్లు, చిన్నది, పెద్దది) తెలుగులోనే పెట్టవచ్చును. ఇప్పటి పైథాన్ ఒప్పుకుంటుంది. నేను పెట్టి చూశాను.

ఇంపోర్ట్ జెడ్‌లిబ్
పేరు = "కుమ్రం భీం ఆసిఫాబాద్," * 40
బైట్లు = పేరు.ఎన్‌కోడ్()
చిన్నది = జెడ్‌లిబ్.కంప్రెస్(బైట్లు)
పెద్దది = జెడ్‌లిబ్.డీకంప్రెస్(చిన్నది)
ప్రింట్(పెద్దది == బైట్లు)

వివరణ: మొదటి వరుస పనిముట్లపెట్టెను తెస్తుంది. రెండవ వరుస మన జిల్లా పేరును 40 సార్లు రాస్తుంది (మన తరగతి జాబితా అనుకోండి). మూడవది అక్షరాలను బైట్లుగా మారుస్తుంది. ఈ వరుస మరిచిపోతే కంప్యూటర్ "బైట్లు కావాలి, మాట కాదు" అన్నట్టు తప్పు చూపి ఆగిపోతుంది. నేను రెండుసార్లు మరిచిపోయాను. నాలుగవది కుదిస్తుంది. అయిదవది విప్పుతుంది. ఆరవది "విప్పినది మొదటిదానితో సమానమా?" అని అడుగుతుంది. సమానమైతే "ట్రూ" అని వస్తుంది.

ఫలితము: జిల్లా పేరులో తెలుగు గుర్తులు 18, ఖాళీలు 2, కామా 1. మొత్తం 57 బైట్లు. 40 సార్లకు 2,280 బైట్లు. కుదించిన తరువాత వంద బైట్లలోపే! విప్పితే "ట్రూ" వచ్చింది. ఒక్క పొల్లు కూడా పోలేదు.

ఇంకొకటి కూడా చేశాను. ఇంగ్లీషు మొదటి చిన్న అక్షరాన్ని వెయ్యిసార్లు రాసి కుదిస్తే 1,000 బైట్లు 17 బైట్లయినవి.

5. లోపల ఏమి జరుగును?

రెండు ఉపాయాలు ఒకదాని తరువాత ఒకటి పనిచేయును.

మొదటి ఉపాయం డిటో గీతలే. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ అనే ఇద్దరు పండితులు 1977లో దీన్ని చెప్పారు. అయితే కంప్యూటర్ గీత ఊరికే "పైన ఉన్నది" అనదు. "వెనక్కి ఇంత దూరం వెళ్ళు, ఇన్ని బైట్లు తెచ్చుకో" అని రెండు అంకెలు రాస్తుంది.

"నార్నూరు,నార్నూరు,నార్నూరు," అని ఉందనుకుందాం. ఒక్కొక్కటి కామాతో కలిపి 25 బైట్లు. మొదటిది మొత్తంగా రాసి, మిగతాదానికి "వెనక్కి 25 వెళ్ళు, 50 తెచ్చుకో" అని రాస్తే చాలును. మా బెంచీ అమ్మాయి అడిగింది: "వెనక ఉన్నవే 25 గదా, 50 ఎట్ల తెస్తది?" మంచి ప్రశ్న. ఒక్కొక్కటి తెచ్చి పెడుతూ పోతే, పెట్టినవి కూడా వెనకటివే అవుతాయి. దారం మీద పూసలు గుచ్చేటప్పుడు ఇప్పుడే గుచ్చిన వరుసను చూసి తరువాతి వరుస గుచ్చినట్టు.

జెడ్‌లిబ్ వెనక్కి ఎక్కువలో ఎక్కువ 32,768 బైట్ల దూరం వరకే చూచును. ఒక్కసారికి 3 నుండి 258 బైట్ల వరకు తేగలదు.

రెండవ ఉపాయం డేవిడ్ హఫ్‌మన్‌ది. ఆయన అమెరికాలో విద్యార్థిగా ఉన్నప్పుడు, చివరి పరీక్షకు బదులు ఒక వ్యాసం రాసి ఇవ్వవచ్చని గురువు రాబర్ట్ ఫానో చెప్పారు. ఆ వ్యాసం కోసం ఆలోచిస్తూ ఈ ఉపాయం కనిపెట్టారు. 1952లో అచ్చయింది. పరీక్ష తప్పించుకోవడం కోసం చేసిన పని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది. (మేడం గారూ, మాకు కూడా ఒకసారి అట్లా అవకాశం ఇవ్వండి.)

ఉపాయం ఏమంటే, ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు. ఒక అమ్మాయి నెల హాజరు తీసుకుందాం. 30 రోజుల్లో హాజరు 24, ఇంటికి పోయినది 3, జ్వరం 2, గైర్హాజరు 1. నాలుగు రకాలు కాబట్టి 0, 1 అనే గుర్తులతో రాస్తే ఒక్కొక్క రోజుకు రెండు గుర్తులు కావాలి. 30 × 2 = 60. ఇప్పుడు హఫ్‌మన్ లెక్క చూడండి.

హాజరు = 0
ఇంటికి = 10
జ్వరం = 110
గైర్హాజరు = 111

24 × 1 = 24. 3 × 2 = 6. 2 × 3 = 6. 1 × 3 = 3. మొత్తం 39. అరవై నుండి ముప్పై తొమ్మిదికి దిగింది. మధ్యలో ఖాళీలు కూడా అక్కరలేదు. ఎందుకంటే ఏ గుర్తూ ఇంకో గుర్తుకు మొదలుగా ఉండదు. 00110010 అని రాస్తే హాజరు, హాజరు, జ్వరం, హాజరు, ఇంటికి అని ఒకే రకంగా చదవగలం. రెండో రకంగా చదవడానికి వీల్లేదు. కాగితం మీద మీరు ప్రయత్నించండి.

6. మన అక్షరాలు బరువా?

"తెలుగుకు మూడు బైట్లు, ఇంగ్లీషుకు ఒకటే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తే చోటు మిగులును కదా" అని ఒకరన్నారు. మా గోండి సంగతి ఇంకా ఎక్కువ. నార్నూరు మండలం గుంజాలలో పెద్దలు దాచిన రాతప్రతుల లిపి ఉన్నది కదా, ఆ గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. కాని దాని అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు తీసుకొనును. ఈ మాట విని మొదట నాకు బాధ అయింది.

తరువాత బైట్లను అంకెలుగా చూశాను. అ అంటే 224, 176, 133. క అంటే 224, 176, 149. మ అంటే 224, 176, 174. గమనించారా? ప్రతి తెలుగు గుర్తు 224తోనే మొదలగును. రెండవ అంకె 176 గాని 177 గాని అయి ఉండును. నిజంగా మారేది ఎక్కువగా మూడవ అంకెనే. గుంజాల గోండి అక్షరాలన్నీ కూడా 240, 145 అనే మొదలవుతాయి, మూడవది 181 లేదా 182. అంటే ఇంటిపేరు అందరికీ ఒకటే. ఇన్నిసార్లు వచ్చే 224కు, 176కు హఫ్‌మన్ ఉపాయం పొట్టి గుర్తులు ఇచ్చేస్తుంది. కాబట్టి పెద్ద రచన కుదించినప్పుడు మూడింతలు, నాలుగింతలు అనే తేడా చాలావరకు తగ్గిపోవును. చోటు కోసం మన లిపిని వదులుకోనక్కరలేదు. అవ్వ చెప్పిన కథను మన అక్షరాల్లోనే రాసి కుదించి దాచుకోవచ్చు.

7. సరిచూచుట (నా ప్రశ్నకు జవాబు)

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటర్ గీతలు తప్పితే ఎట్లా తెలియును?

జెడ్‌లిబ్ కుదించినదాని చివర నాలుగు బైట్ల లెక్క ఒకటి అంటించి పెడుతుంది. దాన్ని కనిపెట్టినది మార్క్ ఆడ్లర్. అందుకే ఆడ్లర్-32 అంటారు. అందులో రెండు కూడికలు ఉంటాయి. మొదటి కూడిక 1తో మొదలై ఒక్కొక్క బైటును కలుపుతూ పోతుంది. రెండవ కూడిక 0తో మొదలై, ప్రతిసారి మొదటి కూడికలో వచ్చిన మొత్తాన్ని కలుపుకుంటుంది. (మొత్తం పెద్దదైతే 65,521తో భాగించి శేషం ఉంచుకొనును.)

రెండు కూడికలు ఎందుకు? ఒకటి చాలదా? లెక్క చేయండి. అంకెలు 3, 5 అనుకుందాం.

3, 5 వరుసలో: మొదటి కూడిక 4, తరువాత 9. రెండవ కూడిక 4 + 9 = 13.
5, 3 వరుసలో: మొదటి కూడిక 6, తరువాత 9. రెండవ కూడిక 6 + 9 = 15.

మొదటి కూడిక రెండుసార్లూ 9 వచ్చింది. అది వరుస మారినట్టు చెప్పలేదు. రెండవ కూడిక 13, 15 అని పట్టేసింది.

ఈ లెక్క చేసినప్పుడు నేను పలక పట్టుకొని కాసేపు అట్లనే కూర్చున్నాను. జాబితాలో తలలు లెక్కపెట్టారు కదా, అది మొదటి కూడిక. అందరూ ఉన్నారు, వరుస మాత్రం మారింది. రెండవ కూడిక ఎవరూ చేయలేదు.

విప్పేటప్పుడు జెడ్‌లిబ్ ఈ లెక్కను మళ్ళీ మొదటి నుండి చేసి, అంటించినదానితో పోల్చును. నేను కుదించిన దాంట్లో చివరి బైటును కావాలని మార్చి విప్పమన్నాను. "ఇన్‌కరెక్ట్ డేటా చెక్" అని ఎర్రర్ చూపి ఆగిపోయింది. చివరి భాగం కోసేసి ఇచ్చాను. పూర్తిగా లేదని చెప్పి మళ్ళీ ఆగింది. తప్పు జాబితాను సరైనదని చేతిలో పెట్టలేదు. తప్పులు దాదాపు అన్నీ ఈ లెక్కకు దొరికిపోవును.

8. తిరిగి రాని కుదింపు

కుదింపులు రెండు రకాలు. విప్పితే మొత్తం తిరిగి వచ్చేది ఒకటి. కొంత పారేసి కుదించేది ఇంకొకటి. ఫోటోలకు వాడే జేపెగ్ రెండవ రకం. కంటికి అంతగా తెలియని తేడాలను పారేస్తుంది. ఫోటోకు ఫరవాలేదు. పేర్లకు, లెక్కలకు, కథలకు అది పనికిరాదు.

2016లో ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలు అయినప్పుడు ఒకదానికి కుమ్రం భీం ఆసిఫాబాద్ అని పేరు పెట్టారు. పేరు పొడుగని చాలామంది "కె.బి. ఆసిఫాబాద్" అని రాస్తారు. ఒకరోజు ఆరవ తరగతి చెల్లె నా దగ్గరికి వచ్చి "అక్కా, కె.బి. అంటే ఏంది? కిలోబైటా?" అని అడిగింది. మేమంతా నవ్వినం. తరువాత నవ్వు ఆగింది. నీళ్ళు, అడవి, భూమి మావే అని నిజాం సర్కారు మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన మనిషి పేరు ఆ రెండు అక్షరాల్లో నుంచి ఆ చెల్లెకు విప్పరాలేదు. జెడ్‌లిబ్ అదే పేరును నలభైసార్లకు వంద బైట్లలోపే ఇమిడ్చి, మళ్ళీ పూర్తిగా ఇచ్చింది. చోటు కోసం పేరును కోయనక్కరలేదని దీనివల్ల తెలియుచున్నది.

9. జాగ్రత్తలు

(అ) మరీ చిన్న వాటిని కుదించకూడదు. ఏమీ లేని దాన్ని కుదిస్తే 8 బైట్లు వస్తుంది! ఒక్క ఇంగ్లీషు అక్షరాన్ని కుదిస్తే 9 బైట్లు అవుతుంది. మూట కట్టే తాడుకు కూడా బరువు ఉంటుంది కదా.

(ఆ) కుదించినదాన్ని మళ్ళీ కుదిస్తే సాధారణంగా చిన్నది కాదు. పిండిన బట్టను ఎంత పిండినా నీళ్ళు రావు.

(ఇ) కుదించుట అంటే తాళం వేయుట కాదు. డీకంప్రెస్ తెలిసిన ఎవరైనా విప్పి చదవగలరు. రహస్యాలు దీంతో దాచవద్దు.

(ఈ) కుదించినదాని మధ్యలో చెయ్యి పెట్టి మార్చరాదు. ముందు విప్పాలి, అప్పుడు మార్చాలి, తరువాత మళ్ళీ కుదించాలి. (జాబితాలో వరుస మార్చేవాళ్ళు కూడా ముందు గీతలన్నింటినీ పేర్లుగా రాసుకొని, అప్పుడు వరుస మార్చవలెను.)

(ఉ) విప్పి చూసి "ట్రూ" వచ్చిన తరువాతనే పాతదాన్ని చెరపవలెను.

ముగింపు

కుదించడం తప్పు కాదు. మన గోడపత్రికకు కూడా చోటు తక్కువే. కాని కుదించేవాళ్ళు మూడు పనులు చేయవలెను. మొదటిసారి పూర్తిగా రాయాలి. గీత ఎక్కడికి చూపుతుందో స్పష్టంగా ఉండాలి. చివర సరిచూచే లెక్క పెట్టాలి. కంప్యూటర్ ఈ మూడూ చేస్తుంది. మనమూ చేయగలం.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి: ఇకనుండి కొత్త జాబితా ఎక్కించిన ప్రతిసారి, ఒక్కొక్క అమ్మాయిని పిలిచి తన వరుసను తననే చదవమనండి. మండలం గడిలో గీతలుంటే, అవి ఏ ఊరు చెప్తున్నాయో ఆ అమ్మాయికే తెలుసు. అయిదు నిమిషాల పని. ఎవరూ గేటు దగ్గర కూర్చోనక్కరలేదు.

మీరు చేసి చూడండి

1. "జోడేఘాట్" అనే మాట యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు? (గుణింతాలు, పొల్లు కూడా లెక్కించండి.)
2. పైన చెప్పిన హఫ్‌మన్ గుర్తులతో 0101100111 ను విప్పండి.
3. 2, 4, 6 అంకెలకు ఆడ్లర్ రెండు కూడికలు చేయండి. 6, 4, 2 కు మళ్ళీ చేయండి. ఏది మారింది?

జవాబులు: 1) 24 బైట్లు. 2) హాజరు, ఇంటికి, జ్వరం, హాజరు, గైర్హాజరు. 3) మొదటి కూడిక రెండింటికీ 13. రెండవ కూడిక 23, 31. వరుస మారినట్టు రెండవదే చెప్పింది.

సందేహాలు ఉంటే సాయంత్రం చదువుల గంటలో నన్ను అడగండి. నాకు తెలియనిది ఉంటే ఇద్దరం కలిసి సార్‌ను అడుగుదాం.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని